రాత్రి మూడింటికి మెలకువ, సాయంత్రానికి చిరాకు: రోజువారీ టెన్షన్ దిగే దారేంటి?

ప్రశ్న: మజ్జిగచారు

నమస్తే అండీ. వయసు 38, ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ పని, పొద్దున 9:30 నుంచి రాత్రి 7:30 దాకా. ఇంట్లో మా ఆయన, ఇద్దరు పిల్లలు, షుగరున్న అత్తగారు. రెండు నెలలుగా ఉన్న ఇబ్బంది ఇది: రాత్రి 10:30కి పడుకుంటే నిద్ర వెంటనే పడుతుంది, కానీ 3 గంటలకల్లా మెలకువ వచ్చేస్తుంది. ఇక ఎంత దొర్లినా పట్టదు. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి, మెడ రెండు వైపులా పట్టేసి ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక చిరాకు మొదలవుతుంది, ఇంటికొచ్చాక పిల్లలు ఏమడిగినా కసురుకోవడమే. జీఎస్‌టీ పనులుండే 10 నుంచి 20వ తేదీ దాకా ఇంకా ఎక్కువ. కాఫీ రోజుకి నాలుగుసార్లు, చివరిది సాయంత్రం 5:30కి.

అడగాల్సినవి మూడు. రోజూ అదే టైముకి మెలకువ ఎందుకొస్తుంది? వీడియోలు చూసి ప్రాణాయామం గట్టిగా చేస్తే తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, తప్పెక్కడ? మెడికల్ షాపులో నిద్రమాత్ర ఇస్తామన్నారు, అర మాత్ర వేసుకుంటే పరవాలేదా? "ఎక్కువ ఆలోచించకు" అన్న సలహా ఇంట్లోనే దొరుకుతోంది, అది కాక ఇంకేదైనా చెప్పండి.

గోదారిగట్టు

మూడింటి మెలకువతోనే మొదలుపెడతాను మేడమ్, తక్కినవాటిలో సగం దాన్నిబట్టి ఉన్నాయి.

నిద్ర రాత్రంతా ఒకే లోతులో ఉండదు. సుమారు గంటన్నరకి ఒక చుట్టు. మొదటి రెండు మూడు చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, తర్వాతివి పలచన, కలలు ఎక్కువ. 10:30కి పడుకుంటే 3 గంటలకి మూడు చుట్లు అయిపోతాయి, గాఢనిద్ర వాటా దాదాపు పూర్తవుతుంది. కార్టిసాల్ అనే హార్మోను కూడా ఆ వేళ నుంచే మెల్లగా పెరుగుతూ వస్తుంది, తెల్లారేసరికి మనిషిని లేపి నిలబెట్టడానికి. ఏ టెన్షనూ లేనివాళ్లకి కూడా అప్పుడు ఒకటి రెండుసార్లు మెలకువ వస్తుంది. ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటారు, పొద్దున గుర్తు కూడా ఉండదు. పగలంతా బిగిసి ఉన్న ఒంటికి మాత్రం ఆ కాస్త మెలకువే చాలు, బుర్ర వెంటనే లెక్కలు మొదలెట్టేస్తుంది.

పగలు జరిగేది కూడా తెలుసుకోవాలి. ఫోన్లో మేనేజర్ పేరు కనపడగానే అడ్రినలిన్ క్షణాల్లో వస్తుంది: గుండె వేగం, భుజాలు పైకి, పళ్లు బిగువు. కార్టిసాల్ దాని వెనకాల 20, 30 నిమిషాలకి పైకెక్కుతుంది, అది మామూలుకి రావాలంటే గంట పైనే పడుతుంది. అదురు రావడంలో తప్పేం లేదు, దానికోసమే ఆ ఏర్పాటు ఉంది. దిగడానికి కావలసిన గంట దొరక్కుండా ఇంకో ఫోను, ఇంకో మెయిలు, ఇంటికొచ్చాక హోంవర్కు. సాయంత్రానికి మెట్టు మీద మెట్టు ఎక్కి కూర్చుంటుంది. నాలుగింటి చిరాకు అదే. పిల్లల అల్లరేం పెరగలేదు.

ఇప్పుడు చేయాల్సినవి.

మెలకువ వస్తే గడియారం చూడొద్దు. "ఇంకా మూడు గంటలే ఉంది" అన్న ఆ లెక్కే నిద్రకి శత్రువు. ఫోను వేరే గదిలో పెట్టి, అలారానికి 200 రూపాయల గడియారం కొని, ముఖం గోడవైపు తిప్పి పెట్టండి. సుమారుగా 20 నిమిషాలు అయిందనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగిపోవాలి. హాల్లో చిన్న లైటు వేసుకుని, ఆసక్తి పుట్టించని పనేదైనా పెట్టుకోండి: ఉతికిన బట్టలు మడతపెట్టడం, ఇదివరకే చదివిన పాత వారపత్రిక. కళ్లు బరువెక్కాకే మళ్లీ మంచం ఎక్కండి. మళ్లీ పట్టకపోతే మళ్లీ దిగండి. మంచం మీద మెలకువగా దొర్లే కొద్దీ, మంచమంటేనే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది. అమెరికాలో రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన పద్ధతి ఇది, నిద్ర వైద్యంలో నేటికీ వాడుతున్నారు.

లేచే టైము మారకూడదు. రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా, పొద్దున 6 అంటే 6. చాలామంది చేసే పొరపాటు, నిద్ర చాల్లేదని మర్నాడు 9 గంటలకే మంచమెక్కడం. అప్పుడు మూడింటి మెలకువ ఒంటిగంటన్నరకి జరుగుతుంది. 11కి పడుకోండి. మధ్యాహ్నం కునుకు తీస్తే మూడింటి లోపు, 20 నిమిషాలు దాటకుండా. మొదటి వారం ఇదివరకటి కంటే నీరసంగా ఉంటుంది, అక్కడే ఎక్కువమంది మానేస్తారు. రెండు మూడు వారాలు పడుతుంది.

కాఫీ సంగతి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు. 5:30 కాఫీలో సగం 10:30కి ఇంకా ఉంటుంది, పావువంతు మూడున్నరకి కూడా. నిద్ర వెంటనే పడుతోంది కాబట్టి కాఫీ ఏం చేయట్లేదనుకోవడం పొరపాటు, అది పలచ నిద్రని ఇంకా పలచన చేస్తుంది. చివరి గ్లాసు మధ్యాహ్నం 1 గంటకి జరపండి. ఒక్కసారిగా మానేస్తే రెండో రోజు తలనొప్పి పట్టుకుంటుంది, అందుకని మూడు రోజులకో కాఫీ తగ్గించుకుంటూ రండి. డికాషన్ సగం, పాలు ఎక్కువ పోసుకోవడం మధ్యదారి. బదులుగా టీ తాగితే అందులోనూ కెఫీనే.

ఒక చిన్న పని తప్పకుండా చేయండి: పడుకునే ముందు 5 నిమిషాలు కాగితం మీద రేపు చేయాల్సినవి రాయడం. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో చూస్తే, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే చేయాల్సినవి రాసినవాళ్లకి సుమారు 9 నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత మేలు. "ఆడిట్" అని రాయడం వేరు, "బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి సస్పెన్స్ ఎంట్రీలు నాలుగూ సరిచేయాలి" అని రాయడం వేరు.

తాటిముంజ

గోదారిగట్టు గారు నిద్ర గురించి చెప్పారు, ఊపిరి, దవడ నేను చెబుతాను.

తల తిరగడానికి కారణం గాలి తక్కువై కాదు, ఎక్కువై. గట్టిగా, వేగంగా పీల్చి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పడిపోతుంది. దాంతో మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, అదే తల తిరగడం. రక్తంలో ఆమ్లగుణం తగ్గి కాల్షియం పనితీరు మారుతుంది, అదే వేళ్లకీ పెదాల చుట్టూ వచ్చే తిమ్మిరి. గాభరా పడ్డ మనిషికి కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. అంటే ప్రశాంతత కోసం చేస్తూ గాభరాని ఒంట్లో తయారుచేసుకుంటున్నారన్నమాట. కపాలభాతి, భస్త్రిక మీకు ఇప్పుడు వద్దు. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు అసలే చేయకూడదు.

చేయాల్సింది దీనికి తలకిందులు. కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. ఎడమ చెయ్యి రొమ్ము మీద, కుడి చెయ్యి బొడ్డు పైన. నోరు మూసి ముక్కుతోనే మామూలుగా పీల్చండి, 4 లెక్కపెడుతూ. నిండా పీల్చాలని చూడొద్దు. కుడి చెయ్యి లేవాలి, ఎడమ చెయ్యి దాదాపు కదలకూడదు. వదిలేటప్పుడు 6 లెక్క, పాలు చల్లార్చడానికి ఊదినంత నెమ్మదిగా. మధ్యలో బిగబట్టడం వద్దు. ఒక్కో ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి ఆరు, 5 నిమిషాలకి ముప్పై. ఊపిరి చాలనట్టు అనిపిస్తే 3 పీల్చి 4 వదలండి, వారం తర్వాత పెంచుకోవచ్చు.

ఇది ఎందుకు పనిచేస్తుందో చేత్తో పట్టి చూసుకోవచ్చు. మణికట్టు మీద నాడి దగ్గర రెండు వేళ్లు ఆనించండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వేగస్ అనే నరం వదిలే ఊపిరిలో గుండెకి కళ్లెం వేస్తుంది. అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. లెక్కపెట్టడం నచ్చకపోతే భ్రామరి చేయండి, తుమ్మెద ఝుంకారంలా "మ్మ్" అంటూ వదిలితే ఊపిరి దానంతటదే సాగుతుంది.

అందరూ చేసే తప్పు, టెన్షన్ నెత్తికెక్కాక మొదటిసారి ప్రయత్నించి "నాకు పనిచేయదు" అనుకోవడం. నీళ్లలో పడ్డాక ఈత నేర్చుకోలేం. రెండు వారాలు మామూలు వేళల్లో అలవాటు చేసుకోవాలి, రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టి: ఆఫీసు ముందు స్కూటీ స్టాండు వేశాక తాళం తీసే ముందు, కుక్కరు పెట్టి మూడో విజిల్ వచ్చేలోపు.

దవడ నొప్పి అంటే రాత్రి పళ్లు నూరుతున్నారనే అనుమానం. తినేటప్పుడు తప్ప పగలు పైపళ్లు, కిందపళ్లు తగలకూడదు. నాలుక కొనని పైపళ్ల వెనక చిగురు మీద పెట్టుకోండి, పెదాలు మూసి, పళ్ల మధ్య సందు. మానిటర్ అంచున చిన్న పసుపు కాగితం అంటించుకుని, దాన్ని చూసినప్పుడల్లా పళ్లు విడదీయండి. పొద్దున నొప్పి ఇంకో నెల ఉంటే దంతవైద్యుల దగ్గర రాత్రి పెట్టుకునే పళ్ల తొడుగు కొలతలిచ్చి చేయించుకోండి. షాపుల్లో దొరికే రెడీమేడ్‌వి సరిగ్గా కూర్చోక దవడని ఇంకా ఇబ్బంది పెడతాయి.

మెడకి: భుజాలు రెండూ చెవుల దాకా ఎత్తి 5 సెకన్లు బిగించండి, ఒక్కసారిగా వదిలేయండి, 20 సెకన్లు ఆ వదులుని గమనించండి. ఇలా మూడుసార్లు, గంటకోసారి. బిగింపు ఏంటో తెలిస్తేనే వదులు తెలుస్తుంది. దీనివెనక ఉన్నది ఎడ్మండ్ జాకబ్సన్ పద్ధతి, దాదాపు వందేళ్ల నాటిది. దవడకి మాత్రం ఈ బిగించే భాగం వద్దు.

ఓరుగల్లు లెక్కలు

మేడమ్, నిద్ర, ఊపిరి సరే. కానీ 10 నుంచి 20 దాకా పెరుగుతుందని మీరే రాశారు. అంటే బరువులో కొంత పనిని సర్దుకుంటే తగ్గేదే. దాన్ని ఊపిరితో తగ్గించాలని చూస్తే ఎప్పటికీ తెమలదు.

నెలనెలా రిటర్ను వేసే కంపెనీకి 11న జీఎస్‌టీఆర్ 1 (అమ్మకాల వివరాలు), 14న 2బి (సరఫరాదారులు ఎక్కించిన బిల్లుల జాబితా) వస్తుంది, 20న 3బి (పన్ను కట్టే రిటర్ను). ఈ మూడింటిలో మీ చేతిలో లేనిది ఒక్కటే: సరఫరాదారు బిల్లు ఎక్కించాడా లేదా. 2బి వచ్చాక 15న ఫోన్లు మొదలుపెడితే ఆ నెలకి లాభం లేదు, అతను అప్పుడు ఎక్కించినా అది వచ్చే నెల 2బిలోనే కనపడుతుంది. అందుకే పోయిన ఆరు నెలల్లో రెండుసార్లకి మించి ఆలస్యం చేసినవాళ్ల జాబితా తీసి, వాళ్లకి మాత్రం 5వ తేదీన, మళ్లీ 9న మెసేజ్ పెట్టండి. అమ్మకాల బిల్లులు నెలాఖరుకి కాకుండా ప్రతి శుక్రవారం సరిచూసుకోండి. మీ సొంత గడువు 18 అని పెట్టుకోండి, 20 సాయంత్రం పోర్టల్ ఎలా నత్తనడక నడుస్తుందో మీకు చెప్పేదేముంది. తప్పిపోయినా ఏమవుతుందో అంకెల్లో చూసుకోవడం మంచిది: 3బికి ఆలస్య రుసుం రోజుకి 50 రూపాయలు, కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. మూడింటికి మంచం మీద అది కొండలా కనపడుతుంది, కాగితం మీద దాని సైజు తెలుస్తుంది.

మనసులో తిరిగేవాటికి కూడా టైము ఇవ్వాలి, లేకపోతే అవే టైము తీసుకుంటాయి. రోజూ సాయంత్రం ఒక పావుగంట, ఒకే చోట, మంచం మీద మాత్రం కాదు. కాగితాన్ని మూడు గడులు చేయండి. మొదటి గడిలో భయం ఉన్నదున్నట్టు: "అత్తమ్మకి రాత్రిపూట షుగర్ పడిపోతే?" రెండో గడిలో అందులో నా చేతిలో ఉన్నది: "పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో చూడటం, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడటం." మూడో గడిలో ఎవరు, ఎప్పుడు. రెండో గడి ఖాళీగా మిగిలితే, అది ఈరోజు చేయగలిగింది కాదు, గీత గీసి వదిలేయండి. పగలు అదే ఆలోచన వస్తే "ఆ పావుగంటలో చూద్దాం" అనుకోవాలి. వారం దాకా ఇది ఉత్త కాగితం పనే అనిపిస్తుంది. తర్వాత ఆలోచన నిజంగానే ఆ టైముకి ఆగడం మొదలవుతుంది.

ఇంటి పనుల్లో "కాస్త సాయం చేయండి" అని అడిగితే మీ బరువు తగ్గదు. ఏం చేయాలో గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, అయిందా అని చూడటం మీకే మిగులుతాయి కదా. పని మొత్తంగా అప్పజెప్పాలి. అత్తమ్మ మందులుంటే: ఆదివారం ఏడు రోజుల డబ్బాలో సర్దడం, షీట్లు అయిపోకముందే తేవడం, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చేయించడం, అన్నీ మీవారివే. మధ్యలో మీరు అడగొద్దు. మొదటి నెలలో ఒకసారి మర్చిపోతారు, అది ఎవరి పని అన్నది అప్పుడే తేలుతుంది. ఇన్సులిన్ లాంటి తప్పకూడనివాటికి మాత్రం మీవారి ఫోన్లోనే అలారం పెట్టించండి.

ఆఫీసులో ఇంకో పని మీద పడేస్తే "కుదరదు" అనడం అందరికీ సాధ్యం కాదు. "సార్, ఇది ఇవ్వాలంటే రీకన్సిలియేషన్ రేపటికి పోతుంది, ఏది ముందు కావాలి?" అనొచ్చు. నిర్ణయం వాళ్ల దగ్గరికి వెళ్తుంది.

కొబ్బరాకు

అశ్వగంధ ఎవరూ చెప్పలేదేంటి? పొడి పాలల్లో కలుపుకుంటే నిద్ర పడుతుంది కదా.

వేపపుల్ల

కొబ్బరాకు గారూ, కొందరికి కొంత గుణం కనపడుతుంది, కాదనను. అయితే అది థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు, అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు తీసుకోకూడదు. ఈ ప్రశ్నలో ఇంకా థైరాయిడ్ పరీక్షే కాలేదు, కాబట్టి ముందు అది.

మేడమ్, మూడో ప్రశ్నకి నా జవాబు: వద్దు. షాపువాళ్లు చీటీ లేకుండా ఇచ్చే నిద్రమాత్ర చాలాసార్లు ఆల్ప్రజోలమ్ అయి ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. మొదటి వారం హాయిగా ఉంటుంది. రెండు మూడు వారాలు దాటితే అదే మోతాదు చాలదు, మానేస్తే ఇదివరకటి కంటే ఎక్కువ నిద్రలేమి, దడ. ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీకల్లుకి అలవాటుపడ్డవాళ్లకి కల్లు దొరకని రోజుల్లో చేతులు వణికి, పిచ్చిగా మాట్లాడి, ఫిట్స్‌తో ఆసుపత్రికి రావడం చూస్తుంటాం, దానిలో కలిపేది కూడా ఎక్కువగా ఈ ఆల్ప్రజోలమే. డాక్టరు కొద్దిరోజులకి రాసి, తగ్గించుకుంటూ ఆపించడం వేరు సంగతి.

అన్నీ టెన్షన్ ఖాతాలో వేసేముందు ఒక్కసారి ఫిజీషియన్ని కలవండి. బీపీ, హిమోగ్లోబిన్‌తో సహా రక్తపరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బి12. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే చెయ్యి సన్నగా వణకడం, ఉక్క తట్టుకోలేకపోవడం, తింటున్నా బరువు తగ్గడం, నిద్రలేమి, చిరాకు అన్నీ ఉంటాయి, అచ్చం టెన్షన్‌లాగే. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకి రక్తం తగ్గి మెట్లెక్కితే దడ వస్తుంది. ఇవి మందుతో సరయ్యేవి. కాగితాలతో, ఊపిరితో నెలలు గడిపితే ఏం లాభం?

ఇంకో మాట. తెల్లవారుజామునే మెలకువ రావడం డిప్రెషన్ లక్షణం కూడా. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, తిండి సహించకపోవడం, తానే దండగన్న ఆలోచన ఉంటే ఇది నిద్ర చిట్కాలతో పోయేది కాదు, మానసిక వైద్యుల్ని కలవాలి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

మజ్జిగచారు

అందరికీ ధన్యవాదాలండీ. దిగులు, అలాంటి ఆలోచనలు లేవు, తిండి బాగానే ఉంది. మెట్లెక్కితే దడ ఉన్నమాట నిజం, ఈ శనివారం పరీక్షలకి వెళ్తాను. రెండు సందేహాలు. అప్పుడప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అని సోడా తాగుతున్నాను, సరేనా? ఇన్ని చెప్పారు కదా, ముందు ఏది మొదలుపెట్టాలి?

వేపపుల్ల

ఛాతీ సంగతి శనివారం దాకా కూడా ఆపకండి, రేపే డాక్టరుకి చెప్పి ఈసీజీ తీయించండి. సోడాతో త్రేన్పు వచ్చి తేలికపడినంత మాత్రాన అది గ్యాస్ అని తేలినట్టు కాదు. నడిస్తే పెరిగి ఆగితే తగ్గే నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వీటిలో ఏది తోడైనా 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లకి నొప్పి లేకుండా ఉత్త నీరసం, వికారం, వీపు మధ్య బరువుగా కూడా రావచ్చు. దవడ నొప్పి పొద్దున లేవగానే ఉండి నమిలితే పెరిగేదా, లేక నడకతో వచ్చేదా అన్నది కూడా డాక్టరుకి చెప్పండి.

గోదారిగట్టు

డాక్టరు ఫర్వాలేదన్నాకే ఇది. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే మూడో రోజుకి అన్నీ పోతాయి. మొదటి వారం రెండే: పొద్దున 6కి లేవడం, 5:30 కాఫీ మానడం. లేచిన అరగంటలోపు డాబా మీదో వీధిలోనో 10 నిమిషాలు నడవండి, ఆ వెలుతురు కంట పడితే రాత్రి నిద్ర టైము స్థిరపడుతుంది. రెండో వారం ఫోను బయట, పడుకునే ముందు కాగితం. ఊపిరి మూడో వారం. నడకని మెల్లగా రోజుకి అరగంటకి పెంచండి, వారానికి అయిదు రోజులు, పది పది నిమిషాలుగా చేసినా లెక్కే.

ఈరోజు ఏ తేదీ అయినా, మొదటి రోజుగా 21నే పెట్టుకోండి. మళ్లీ 10వ తేదీ వచ్చేసరికి మీకు పద్దెనిమిది, ఇరవై రోజులు దొరుకుతాయి.

ఓరుగల్లు లెక్కలు

అవును, 21. ఆ రోజే ఆలస్యం చేసే సరఫరాదారుల జాబితా కూడా తీసేయండి మేడమ్, 2బి ఇంకా చేతిలోనే ఉంటుంది.